గోడ అడిగిన మనిషి

పులివెందులలో ఆమె చనిపోయిందన్న సంగతి మా ఆడబిడ్డ నోట అనుకోకుండా వచ్చింది. నాలుగు రోజులుందామని వచ్చిన మనిషి, ఊరి కబుర్లన్నీ అయిపోయి, బస్సుకు బయలుదేరి చెప్పులు వేసుకుంటూ, "వదినా, ప్రొద్దుటూరులో మీరుండిన వఠారంలో మూలింట్లో ఒకామె ఉండేది చూడు, గోడ కోసరం ఆఫీసుల చుట్టూ తిరిగినామె. ఆమె పోయిందంట. మా అవతలి వీధిలోనే బాడుగకుండేదంట" అంది. ఎప్పుడని అడిగాను. వానల్లో అంది. బస్సు తప్పిపోతుందని గబగబా వెళ్లిపోయింది.

ఆ పూట ఏం వండానో, మా వారు ఏం తిన్నారో నాకు గుర్తు లేదు.

ఆమెకు పేరుంది. మంచి పేరే. ఇక్కడ రాయను. ఆమె కూతురు ఇప్పటికీ బాడుగ ఇంట్లోనే ఉంది. పేరు బయట పడితే అది ఎవరి చెవిన పడుతుందో, ఎవరికి కోపమొస్తుందో అని నాకు జంకు. మేమంతా ఆమెను మూలింటక్క అనేవాళ్లం. అదే చాలు.

కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం ఏర్పడిన రోజులవి. మా వారికి ప్రొద్దుటూరు బడిలో ఉద్యోగం. కొత్తగా కాపురానికొచ్చిన నేను మొదట అడుగు పెట్టింది ఆ వఠారంలోనే. వీధిలోకి ఒకే వాకిలి, నడుమ ఒక బావి, బావికి అటూ ఇటూ వరుసగా, పైన మట్టి పరిచిన మిద్దె ఇళ్లు. అన్నింటికీ ఒకడే యజమాని. మాది వాకిలి పక్కిల్లు. చివర మూలన ఉన్నది అక్కది. ఆమె భర్త పత్తి మిల్లులో పని చేసేవాడు. దూది నుసి పీల్చి పీల్చి ఎప్పుడూ దగ్గుతుండేవాడు. మనిషి సన్నగా, మాటలు తక్కువ. ఇద్దరి మాటలూ కలిపి అక్కే మాట్లాడేది. వాళ్లకొక కూతురు.

నేను సామాన్లు దించుకుంటుంటే వచ్చి గడప బయటే నిలబడింది. ఎడమ చెయ్యి నడుము మీద, కుడి చెయ్యి ద్వారబంధం మీద. "ఏందమ్మా, అయ్యోరు భార్యవా? బండ మీద పడుకోబాకండి ఈ పక్కన. వానొస్తే ఈడ కారుతాది. ఆ మూలనైతే కారదు. నీళ్లకు పొద్దున్నే రా, మజ్జాన్నానికి బావిలో బురద లేస్తాది" అంది. లోపలికి రమ్మన్నాను. రాలేదు. లోపలికి రాకపోవడం, వచ్చినా కూర్చోకపోవడం ఆమె అలవాటు. ఎవరింటికి పోయినా అదే నిలువు, అదే చెయ్యి ద్వారబంధం మీద. "కూర్చుంటే పొద్దు పోతాది, పొద్దు పోతే పని పోతాది" అనేది. కానీ అక్కడే నిలబడి పొద్దంతా మాట్లాడేది.

తిట్టాలనుకున్నప్పుడు ముందు కొంగుతో నోరు తుడుచుకునేది. కొంగు నోటి దగ్గరికి పోయిందంటే మేమంతా నవ్వాపుకుని నిలబడేవాళ్లం. తర్వాత వచ్చే మాట సూటిగా తగిలేది. కానీ మనిషి లేనప్పుడు ఆ మనిషి గురించి ఒక్క మాట అనగా నేను వినలేదు. ఏదన్నా ఉంటే ముఖం మీదనే.

ఆ ఇల్లు తనది కాదని ఆమెకు తెలియకపోవడమేమీ లేదు. అయినా ఏటా వానలకు ముందు, నీళ్లు దిగకుండా చవుడు మట్టి తట్టలకెత్తుకుని నిచ్చెనెక్కి మిద్దె మీద తానే పరిచేది. గోడలకు సున్నం తానే కొట్టేది. "యజమాని చెయ్యాల్సిన పని నీకెందుకక్కా?" అంటే, "ఆయప్ప చేసేసరికి మనం తడిసి ముద్దయితాం. నన్ను మోస్తాండే ఇల్లు. నేను దీన్ని చూసుకోవద్దా?" అనేది.

కానీ గోడ ఆమె చేతిలో పని కాదు. ఆ ఇంటి వెనక గోడ నిలువునా పగిలింది. బయటి వైపు రాళ్లు జారి కడుపులాగా ముందుకు ఉబ్బింది. ఆ గోడ కిందనే వాళ్లు పడుకునేది. ఇల్లు అంత చిన్నది, ఇంకో చోటు లేదు. అక్క మైదా ఉడికించి, ఆ పగులు మీద అడ్డంగా పాత పేపరు ముక్కలు అంటించింది. ఎందుకని అడిగితే, "కాయితం చినిగిందంటే గోడ కదుల్తాండాదని" అంది. ఇంకొన్నాళ్లకు నన్ను పిలిచి చూపించింది. కాగితాలన్నీ నడిమికి చినిగి ఉన్నాయి.

ఇంటి యజమాని నెల మొదట్లో బాడుగ కోసం వచ్చేవాడు. తెల్ల చొక్కా, మెత్తటి గొంతు. ఎవరినీ గట్టిగా అదిలించగా ఎవరూ చూడలేదు. మా అరుగు మీద కూర్చుంటే ఒక్కొక్కరే వచ్చి ఇచ్చేవాళ్లు. అక్క బాడుగ ఇచ్చి, ప్రతిసారీ గోడ మాటెత్తేది.

"చూద్దాంలేమ్మా."

"పోయిన్నెల కూడా చూద్దామనే అంటివి గదప్పా. ఒక్కసారి వచ్చి కళ్లతో చూడు."

"నీకు ఇల్లు బాగలేకపోతే వేరే ఇల్లు చూసుకో తల్లీ. ఎవరన్నా వద్దన్నారా?"

"ఇల్లు బాగుండాదప్పా. గోడే బాగలేదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన కూడా నవ్వి లేచాడు. అక్క నవ్వలేదు. వెనకనే వాకిలి దాకా పోయి, "నేనేమన్నా దానం అడుగుతాండానా? బాడుగ ఇస్తాండా, గోడ అడుగుతాండా" అంది. ఆ మాట ఆమె నోట తర్వాత ఎన్ని చోట్ల విన్నానో.

ఆ ఏడు వానలు పట్టుకున్నప్పుడు మా పక్క వీధిలో ఒక మట్టి గోడ కూలి, దాని కింద కట్టేసిన మేకలు చచ్చాయి. గోడకు అవతలి మంచం మీద ఆ వేళ ఎవరూ పడుకోలేదు కాబట్టి మనుషులు బతికారు. అక్క అది చూసొచ్చింది. పొద్దున్నే ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని మునిసిపాలిటీ ఆఫీసుకు పోయింది. కొన్నాళ్లకు అక్కడి నుంచి కట్టడాలు తనిఖీ చేసే ఓవర్సీరు వచ్చాడు. మూలిల్లు చూడటానికి వచ్చిన మనిషిని అక్క ఊరికే పోనివ్వలేదు. చేయి పట్టుకున్నంత పని చేసి వరుసంతా తిప్పింది. మా మిద్దె కారే చోటు చూపించింది. ఎదురింట్లో బొంతలు కుట్టుకుంటూ ఒంటరిగా బతికే ముసలామె బీబవ్వ ఇంటి దూలం చూపించింది. వఠారం మొత్తం మరమ్మతు చేయాలని, మూలింటి గోడ పడగొట్టి కొత్తగా కట్టాలని యజమానికి ఉత్తరువు వచ్చింది.

ఆయన వచ్చి ఉత్తరువు ప్రకారం మా ఇండ్లన్నింటికీ మట్టి వేయించాడు. బీబవ్వ ఇంటికి కొత్త దూలం వేయించాడు. మూలింటి వైపు మాత్రం పోలేదు. ఆ నెల అక్క బాడుగ తెస్తే, చేతులు వెనక్కి పెట్టుకుని, "నీ బాడుగ నాకొద్దమ్మా. ఇల్లు నాకు కావాల. నా చిన్నకొడుకు కాపురం పెడతాండాడు" అన్నాడు.

అక్క ఆయన ఇంటికి పోయి ఇవ్వబోయింది. లేడన్నారు. మనియార్డరు పంపింది. వెనక్కి వచ్చింది. మా వారు విషయం కనుక్కొచ్చి చెప్పారు. "తీసుకోకుండా ఉండి, రేపు నువ్వు బాడుగ ఎగ్గొట్టినావని కేసు వేస్తాడు. అయిన కాడికి బాడుగ తగాదాలు చూసే ఆఫీసులో కట్టేసి రసీదు పెట్టుకో."

"ఇచ్చే బాడుగ తీసుకోకుండా ఎగ్గొట్టినావంటారా అయ్యోరా! ఇదేం న్యాయం?" అని ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. అంత పెద్ద మనిషి ముఖంలో అంత పసి ఆశ్చర్యం చూసి నాకు బాధేసింది.

తర్వాత బావి గిలక పోయింది. యజమాని మనుషులు వచ్చి, రిపేరుకని విప్పుకుపోయారు. మళ్లీ తేలేదు. అడగబోయిన వాళ్లతో ఆయన, "మునిసిపాలిటీకి ఎక్కినామె ఉండాది గదా, ఆమెనడగండి. ఆమె ఖాళీ చేసిన దినం అన్నీ సక్కబడతాయి" అన్నాడట. అంతే. నిన్నటిదాకా కొత్త మట్టి పరిచిన మిద్దెల కింద సుఖంగా పడుకున్నవాళ్లే అక్కను చూసి ముఖం తిప్పుకున్నారు. ఒకామె బావి దగ్గరే, "నీ గోడ కోసరం మా రెక్కలు పడిపోవాల్నా?" అనేసింది. అక్క కొంగు నోటి దాకా పోయింది. నోరు తుడుచుకుంది. ఆ మాటన్నామె బిందెనే అందుకుని, తన తాడు వేసి, గిలక లేని బావిలోంచి చేతుల మీదనే చేదింది. తర్వాత బీబవ్వకు చేదింది. ఆ పూట వచ్చినవాళ్లందరికీ ఆమే చేదింది. మర్నాడూ అంతే. అరచేతులు పొక్కులెక్కి, తాడు పట్టుకున్న చోట నెత్తురు కనిపించేది. వాళ్లు నీళ్లు తీసుకుని పోయేవాళ్లు.

యజమాని ఇల్లు ఖాళీ చేయించాలని కేసు వేశాడు. బాడుగ తగాదాలు విచారించే అధికారి జమ్మలమడుగులో ఉండేవాడు. వాయిదాకు ముందు బీబవ్వ అక్క దగ్గరికి వచ్చి ఏడ్చింది. "నేనొచ్చి చెప్తే నా బొంతలూ నేనూ వీధిలో పడతాం బిడ్డా. నాకెవరుండారు?"

"నువ్వు రాబాకు అవ్వా. నువ్వు ఈడనే ఉండు. నీ దూలం బాగుండాదా లేదా, అది చెప్పు నాకు" అంది అక్క.

సాక్ష్యానికి మా వారు ఒప్పుకున్నారు. సర్కారు బడి అయ్యవారు కాబట్టి మా జోలికి రావడానికి యజమాని కొంచెం ఆలోచిస్తాడని మా ధైర్యం. అక్కకు తోడుగా నేనూ బస్సెక్కాను. ఆఫీసులో అధికారి ముందు యజమాని అదే మెత్తటి గొంతుతో కొడుకు కాపురం సంగతీ, గోడకు రిపేరు అక్కర లేదనీ చెప్పాడు. అధికారి అక్క వైపు చూసి, నువ్వేమంటావన్నాడు. అక్క అధికారితో మాట్లాడలేదు. యజమాని వైపు తిరిగింది.

"గోడ బాగుండాది, రిపేరి అక్కర లేదంటివి. ఓవర్సీరేమో కూలిపోతాదనె. కూలిపోయే ఇంట్లో నీ కొడుకునూ కోడలినీ యెట్ల పెడతావప్పా? నీకు బిడ్డ మీద ప్రేమ లేదా?"

మా వారు చూసింది చూసినట్టు చెప్పారు. బాడుగ తీసుకోకుండా తిప్పి పంపినదీ చెప్పారు. కొన్ని వాయిదాల తర్వాత కేసు కొట్టేశారు. మునిసిపాలిటీకి ఫిర్యాదు చేసిందన్న కోపంతోనే వేసిన కేసులాగా ఉందని అధికారి నోటితోనే అన్నాడు.

ఆ రోజు బస్సులో అక్క నా పక్కన కూర్చుంది. బస్టాండులో కొన్న శెనక్కాయలు ఒలిచి నా చేతిలో పోస్తూ, బయట జొన్న చేలు చూస్తూ, చిన్నపిల్లలాగా మాట్లాడింది. గోడ కట్టాక వెనక వైపు చిన్న కిటికీ పెట్టమని అడుగుతానంది. "మా ఆయనకు గాలి తగల్తే దగ్గు తగ్గుతాది గదా అయ్యోరమ్మా?" అని అడిగింది. తగ్గుతుందన్నాను. ఆమెను అంత సంతోషంగా మళ్లీ నేను చూడలేదు.

చలి మొదలయ్యే ముందు ఒక పొద్దున కూలివాళ్లు గడ్డపారలతో వచ్చారు. మునిసిపాలిటీ ఉత్తరువు ప్రకారం గోడ పని అన్నారు. అక్క ముఖం వెలిగిపోయింది. గబగబా సామాన్లు ముందుకు జరుపుకుంది. కూలివాళ్లకు మజ్జిగ చిలికి ఇచ్చింది. రాళ్లు తానూ మోసి ఒక పక్క పేర్చింది. మధ్యాహ్నానికి గోడ మొత్తం నేలమట్టమైంది. సాయంత్రం వాళ్లు గడ్డపారలు భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. అక్క యజమాని ఇంటికి పోయింది. నేనూ వెంట పోయాను.

"సున్నం రావాల గదమ్మా. సున్నమొస్తే మేస్త్రీ దొరకడు. నేనేం జేసేది?"

"గోడ లేకుండా యెట్ల పండుకోవల్లప్పా, వయసుకొచ్చిన బిడ్డను పెట్టుకోని?"

"గోడ పడగొట్టమని నువ్వే గదా రాయించింది. నువ్వు అడిగిన పనే చేస్తాండా తల్లీ." అదే మెత్తటి గొంతు. "అంత కష్టంగా ఉంటే పని అయ్యేదాకా వేరే యాడన్నా ఉండు."

అక్క చెయ్యి కొంగు మీదకు పోయి అక్కడే ఆగిపోయింది.

గోనె సంచులు విప్పి కుట్టి వెనక వైపు తెర కట్టుకుంది. బీబవ్వ తన దగ్గరున్న పాత బొంత ఇచ్చింది. గాలికి ఆ తెర ఎగిరి పడుతుంటే మా ఇంటి దాకా చప్పుడు వినిపించేది. కుక్కలు లోపలికి వచ్చేవి. పిల్లను మా ఇంట్లో పడుకోబెట్టుకున్నాం. చలిగాలికి ఆమె భర్త దగ్గు ముదిరింది. మిల్లుకు పోవడం మానేశాడు. మా వారు మళ్లీ జమ్మలమడుగుకు అర్జీ పెట్టించారు. ఆ అధికారి మంచివాడే. కానీ ఆయన ముందున్న కాగితాల్లో యజమాని తప్పేమీ లేదు. పడగొట్టమన్నారు, పడగొట్టాడు. కట్టడానికి గడువు అడిగాడు, ఇచ్చారు. మళ్లీ అడిగాడు, మళ్లీ ఇచ్చారు.

ఒకనాడు మధ్యాహ్నం అక్క మా గడప దగ్గరికి వచ్చింది. లోపలికొచ్చి నేల మీద కూర్చుంది. "మనిషి నిలవడు అయ్యోరమ్మా. సింహాద్రిపురంలో మా యన్న ఇంటికి తీసకపోతా. గోడ అయినాక వస్తాం" అంది. వాళ్లు బయలుదేరే రోజు యజమాని వాకిట్లోకి వచ్చి, అందరూ వింటుండగా, "గోడ కాంగానే తాళం నీకే ఇస్తానమ్మా" అన్నాడు. భర్తను బండిలో పడుకోబెట్టి, పిల్లను ఎక్కించాక, అక్క తిరిగి వచ్చి తలుపు మూసి తాళం వేసింది. వెనక గోడ లేని ఇల్లది. అయినా తాళం లాగి చూసుకుంది. ఎవరూ నవ్వలేదు.

బండి పోయిన వెంటనే సున్నం వచ్చింది. మేస్త్రీ వచ్చాడు. గోడ చకచకా లేచింది. తాళం పగలగొట్టి, బాడుగ పెంచి, ఒక కొత్త జంటను దించారు. మా వారు యజమాని దగ్గరికి పోయి గట్టిగా అడిగితే, "ఆమె మళ్లీ వస్తాదని నాకేం తెలుసు సామీ?" అన్నాడు. గిలక కూడా తిరిగొచ్చింది.

అక్క వచ్చేసరికి ఎండలు ముదిరాయి. నుదుట బొట్టు లేదు. నేరుగా మూలింటికి పోయింది. లోపల నుంచి ఆ కొత్త పిల్ల వచ్చింది. నెలలు నిండిన మనిషి. ఎవరో చుట్టం అనుకుని, "కూర్చోండి పెద్దమ్మా, నీళ్లు తెస్తా" అంది. అక్క నీళ్లు తాగింది. చెంబు ఇచ్చేసి వెనక్కి పోయి, కొత్త గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. "సున్నం బాగానే వేసినారు" అంది నాతో.

మా వారు ఊరుకోలేకపోయారు. "ఇది నీ ఇల్లక్కా. రిపేరుకని పంపించి వేరేవాళ్లకిస్తే చట్టం ఒప్పుకోదు. మళ్లీ అర్జీ వేద్దాం. ఈసారి వాళ్లను ఖాళీ చేయించి నిన్ను పెడతారు."

ఆమె ఆ వైపే చూస్తోంది. ఆ పిల్ల నడుము పట్టుకుని, చెంబు కడగడానికి నెమ్మదిగా బావి దగ్గరికి నడుస్తోంది.

"ఆ బిడ్డను యాడికి పొమ్మంటాం అయ్యోరా? ఈ కడుపుతో" అంది.

సాయంత్రం బస్సుకు ఆమెను ఎక్కించాను. అదే ఆఖరి చూపు. పులివెందులలో కూలి దొరుకుతుందని అక్కడ చిన్న ఇల్లు తీసుకుందని తర్వాత ఎవరో అన్నారు. మా వారికి బదిలీలయ్యాయి. ఊర్లు మారాం.

ఆడబిడ్డ చెప్పిపోయిన వారానికి నేను పులివెందుల పోయాను. ఇల్లు వెతుక్కుంటూ పోతే కూతురే తలుపు తీసింది. నన్ను పట్టుకుని ఏడ్చింది. ఒకటే గది. చవుడు మట్టి వేసి ఎన్నేళ్లయిందో, మిద్దె నడుమ నల్లగా మరకలు. నేల మీద, గోడ వార, మంచం పక్కన ఎక్కడ చూసినా గిన్నెలూ సత్తు చెంబులూ. ముందు రోజు పడిన వాన ఇంకా చుక్క చుక్క దిగుతోంది.

"ఇంతగా కారుతుంటే చెప్పలేదా యజమానికి?" అన్నాను.

"మాయమ్మ చెప్పనీలేదు అయ్యోరమ్మా. నేను అడగబోతే చెయ్యి పట్టి లాగేసేది. గిన్నె పెట్టుకుందాం, నోరు మాత్రం తెరవబాకు అనేది. మిద్దె ఎక్కి మట్టి పోద్దామన్నా పోనిచ్చేది కాదు. చూస్తే మనం వంక పెడతాండామనుకుంటారు అనేది. తడి మంచం మీదనే జ్వరం తగులుకునింది. ఆడనే పోయింది."

నా గొంతు విని పక్కింటి నుంచి ఆ ఇంటి యజమాని వచ్చాడు. రైతు మనిషి. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను చుట్టాన్ననుకుని పరామర్శగా మాట్లాడాడు. పైకి చూసి, కారుతున్న మిద్దె చూసి, నిజంగానే నొచ్చుకున్నాడు. "ఇట్లుందని ఒక్క మాట చెప్పింటే ఆ పొద్దే మట్టి వేయించేటోన్ని గదమ్మా. నాకేం భారం?" అన్నాడు.

ఆయనే మళ్లీ, మంచి మాట చెప్పాలని, మనస్ఫూర్తిగా చెప్పాడు.

"అట్లాంటి మనిషిని మేం చూడలేదు తల్లీ. ఇన్నేండ్లుండాది మా ఇంట్లో. ఒక్కనాడు ఏమీ అడగలేదు."